థెటిస్ జలాంతర్గామి గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. బ్రిటిష్ జలాంతర్గామి థెటిస్ 1939 జూన్ 1న లివర్‌పూల్ తీరం దగ్గర ట్రయల్స్‌లో మునిగి 99 మంది పోయారు, బతికింది నలుగురే. టార్పెడో గొట్టంలో నీళ్లున్నాయో లేదో చూసే చిన్న కుళాయి రంధ్రానికి ఎనామిల్ పెయింట్ అడ్డుపడింది. తిప్పితే చుక్క రాలేదు. గొట్టం ఖాళీ అనుకుని లోపలి తలుపు తీశారు. బయటి మూత తెరిచే ఉంది! ఆవగింజంత పెయింట్ పని ఇది.

తర్వాత దాన్నే పైకి తేల్చి, బాగుచేసి, థండర్‌బోల్ట్ అని పేరు మార్చి యుద్ధానికి పంపారు. 1940లో ఇటలీ జలాంతర్గామి టరాంటీనిని ముంచింది. 1943 మార్చిలో సిసిలీ దగ్గర ఇటలీ నౌక చికోన్యా దెబ్బకి అందరితో సహా మునిగింది.

నాకు కావాల్సినవి రెండు. ప్రమాదం తర్వాత లోపలి తలుపులకి పెట్టిన ‘థెటిస్ క్లిప్’ తలుపుని కొద్దిగానే తెరుచుకోనిస్తుందట, అదెలా పనిచేస్తుంది? బొమ్మ గీసి చూపించినా చాలు. రెండోది, థండర్‌బోల్ట్ గస్తీ నివేదికల కాపీలు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్ నుంచి హైదరాబాద్‌కి తెప్పించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఖర్చెంతయింది?