థాంక్స్‌గివింగ్ మర్నాడు మావాడి హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ ప్లేఆఫ్ గేమ్, వెళ్ళినవాళ్ళు ఎవరైనా చెప్పండి

స్నాపర్_నాన్న
అందరికీ నమస్తే. మావాడు సీనియర్, ఈ ఏడే వర్సిటీలోకి, అంటే స్కూల్ మెయిన్ టీమ్‌లోకి వచ్చాడు, లాంగ్ స్నాపర్, కిక్ కొట్టేముందు బాల్‌ని కాళ్ళ మధ్య నుంచి వెనక్కి అందించేవాడు. 6ఏ లో, అంటే టెక్సాస్‌లో పెద్ద స్కూళ్ళ విభాగంలో, మొదటి రెండు రౌండ్లు బైడిస్ట్రిక్ట్, ఏరియా గెలిచారు, మూడో రౌండ్ శుక్రవారం మధ్యాహ్నం 2 కి, మాకు గంటన్నర దూరంలో న్యూట్రల్ స్టేడియం. నా షిఫ్టుల వల్ల సీజన్ మొత్తంలో నేను చూసింది మూడు గేమ్సే, ఇది మాత్రం వదలను. మా అత్తయ్యగారు మామయ్యగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, వాళ్ళనీ తీసుకెళ్దామని. ఎంత ముందు బయల్దేరాలి, టికెట్లు గేటు దగ్గర ఇస్తారా, పెద్దవాళ్ళకి మెట్లు ఇబ్బందా, తినడానికి ఏముంటుంది, ఆట వాళ్ళకి ఎలా చెప్పాలి? వాడు రోజూ రాత్రి గరాజ్‌లో పాత పరుపు గోడకి ఆనించి, దానిమీద చాక్‌తో గీసిన గడిలోకి కాళ్ళ మధ్య నుంచి బాల్ విసురుతుంటాడు. ఆ దబ్ దబ్ వినపడకపోతే ఇప్పుడు నాకు నిద్ర పట్టట్లేదు.

మారింబా_మమ్మీ
మిగతావి ఎవరైనా చెప్తారు, నేను చెప్పేది ఒక్కటే, హాఫ్‌టైమ్‌లో లేచి నాచోస్ లైన్‌కి పోకండి దయచేసి. మా పాప స్కూల్ బ్యాండ్‌లో ఫ్రంట్ ఎన్‌సెంబుల్, ముందు వరుసలో పెట్టి వాయించే మారింబాల లాంటి పెద్ద వాయిద్యాల బృందం. ఆగస్టు ఎండలో పార్కింగ్ లాట్ తారు మీద ప్రాక్టీస్ మొదలుపెట్టారు, వాళ్ళ పోటీలు ఈ నెల మొదట్లోనే అయిపోయాయి, అయినా ఫుట్‌బాల్ టీమ్ ఓడేదాకా ప్రతి వారం బస్సెక్కాలి. మా ఆయన, ఇంకో నలుగురు నాన్నలు ఆ మారింబాలు ట్రెయిలర్‌లోంచి దించి తోసుకుంటూ ఫీల్డ్ మీదికి తెచ్చేసరికి స్టాండ్స్ సగం ఖాళీ. పోయిన వారం నేను లెక్కపెట్టాను, మా వరుసలో నేను ఒక్కదాన్నే మిగిలాను.

గుంటూరు_టు_ఫ్రిస్కో
టికెట్లు ఫోన్‌లోనే అన్నా, ముందే కొనేసి స్క్రీన్ మీద తెరిచి పెట్టుకో, గేటు దగ్గర సిగ్నల్ ఉండదు. బ్యాగ్ ట్రాన్స్‌పరెంట్‌దే ఉండాలి. బయటి తిండి రానివ్వరు, మా అమ్మ చేసిన పులిహోర స్టీలు డబ్బాతో సహా కారు దాకా వెనక్కి మోసుకెళ్ళాను, అక్కడే నిలబడి తినేసి వచ్చాం. ఇంకో ముఖ్యమైన మాట, ఫ్రిటో పై అని చిప్స్ మీద చిల్లీ పోసి ఇస్తారు, మిరపకాయ అనుకుని మా నాన్న తీసుకున్నారు. అది బీఫ్. రెండు చెంచాలు తిన్నాక తెలిసింది, ఆ రాత్రంతా మనిషి మాట్లాడలేదు. మీ వాళ్ళకి ముందే చెప్పండి.

ఈస్ట్‌సైడ్_94
చివరిదాకా లేవకండి, నా జీవితంలో మర్చిపోలేనిది చెప్తా. 1994 నవంబర్, టెక్సాస్ స్టేడియం, మా ప్లేనో ఈస్ట్ హైస్కూల్ మీద జాన్ టైలర్ హైస్కూల్. నేనప్పుడు టెన్త్ గ్రేడ్. మూడు నిమిషాలు మిగిలి ఉండగా మేము 41-17 తో వెనకబడ్డాం. పార్కింగ్‌లో ఇరుక్కుంటామని నాన్న లేపేశారు. కారు దగ్గరికి వచ్చాక లోపల్నించి హోరు, మళ్ళీ హోరు, మళ్ళీ. మావాళ్ళు వరసగా మూడు ఆన్‌సైడ్ కిక్‌లు (బాల్ మళ్ళీ తమకే దొరికేలా దగ్గరగా కొట్టేవి) పట్టుకుని 44-41 లీడ్‌లోకి వెళ్ళిపోయారు!! ఇక 24 సెకన్లే. అప్పుడు మావాళ్ళు కొట్టిన కిక్‌ని టైలర్ వాళ్ళ రోడెరిక్ డన్ అందుకుని 97 గజాలు పరిగెత్తి మా చివరి గీత దాటేశాడు, టచ్‌డౌన్. 48-44. టైలర్ వాళ్ళు ఆ ఏడు స్టేట్ ఛాంపియన్లు కూడా అయ్యారు. నాన్న పోయి ఆరేళ్ళయింది, పోయేదాకా ఆ గేమ్ మాటొస్తే "నేనే లేపాను రా నిన్ను" అని బాధపడేవారు.

చైన్‌క్రూ_శర్మ
9 సీజన్లుగా సైడ్‌లైన్‌లో పది గజాలు కొలిచే చైన్లు పట్టుకుంటున్నా, కాబట్టి తెలిసే చెప్తున్నా. ఆ గేమ్ పోయింది అదృష్టం వల్ల కాదు, 24 సెకన్లు ఉండగా లోతుగా కిక్ కొట్టడం వల్ల. స్క్విబ్ కొట్టాలి, నేల మీద దొర్లేలా, బాల్ ఎవరో లైన్‌మన్ చేతిలో పడేలా. ఏ స్థాయిలోనైనా ఇదే సూత్రం.

కిక్కర్_అక్క
శర్మ గారూ, మా అబ్బాయి రెండేళ్ళు వర్సిటీ కిక్కర్. స్క్విబ్ కొడితే 40 గజాల లైన్ దగ్గర బాల్ అప్పనంగా ఇచ్చినట్టే, రెండు పాస్‌లు వేస్తే ఫీల్డ్ గోల్ (గోల్‌పోస్టుల మధ్యకి తన్నితే 3 పాయింట్లు) రేంజ్‌లోకి వచ్చేస్తారు. తప్పు కిక్‌ది కాదు, పరిగెత్తి పట్టుకోవాల్సిన మిగతా పది మందిది. ఏదైనా జరగ్గానే కిక్కర్‌ని అనడం అందరికీ అలవాటైపోయింది.

చైన్‌క్రూ_శర్మ
కిక్కర్‌ని నేనేమీ అనలేదు, నిర్ణయం కోచ్‌ది. 3 పాయింట్ల లీడ్‌లో ఉన్నప్పుడు ఫీల్డ్ గోల్ ఇస్తే టై అవుతుంది, టచ్‌డౌన్ ఇస్తే ఇంటికే. ఈ తేడా తెలియకుండా మాట్లాడితే ఎలా?

కిక్కర్_అక్క
తేడా తెలియకపోవడమేంటండీ? మీరు పట్టుకున్నది చైను, విజిల్ కాదు. 12 వేల మంది ముందు 17 ఏళ్ళ పిల్లాడు బాల్ పెట్టుకుని నిలబడితే తల్లి కడుపులో ఎలా ఉంటుందో మీకు తెలియదు.

డాక్టరమ్మ
పదిహేను పోస్టులు కిక్ మీద కొట్టుకునే ముందు ఒక మాట. ఎవరైనా కన్‌కషన్ (తలకి దెబ్బ తగిలి మెదడు అదరడం) గురించి అడిగారా? స్నాపర్ తల కిందికి వంచి ఉంటాడు, ఎదుటివాడు మీదపడతాడు. టెక్సాస్‌లో 2011 నుంచి చట్టం ఉంది, అనుమానం ఉన్నా అదే రోజు మళ్ళీ ఆడనివ్వకూడదు, డాక్టర్ రాసిస్తేనే తిరిగి రావాలి. ప్లేఆఫ్ కదా అని పిల్లలే తలనొప్పి దాచేస్తారు. నా క్లినిక్‌లో చూశాను.

చైన్‌క్రూ_శర్మ
బాల్ వదిలిన తర్వాత ఒక సెకను దాకా స్నాపర్‌ని ముట్టుకోకూడదని రూల్ ఉందండి, పంట్ (బాల్‌ని దూరంగా తన్నేయడం), ఫీల్డ్ గోల్ ఫార్మేషన్లలో. మన టెక్సాస్ స్కూళ్ళు ఆడేది కాలేజీ రూల్సే.

డాక్టరమ్మ
ఒక సెకను తర్వాత?

ఐవీ_డాడ్
ఇంత రిస్క్ ఎందుకసలు? సీనియర్ ఇయర్ నవంబర్ అంటే కాలేజీ అప్లికేషన్ల టైమ్, పరుపు మీద బాల్ విసిరితే ఏమొస్తుంది? మనం ఇంత దూరం వచ్చింది దీనికా?

గుంటూరు_టు_ఫ్రిస్కో
బ్రో, 70 కంటే తక్కువ మార్కులొస్తే ఇక్కడ ఆడనివ్వరు, 1984 నుంచి ఉన్న రూల్, నో పాస్ నో ప్లే. చదువు వదిలేసినోడు ఆ టీమ్‌లోనే ఉండడు. అన్న తన కొడుకు ఆట చూడ్డానికి ఎలా వెళ్ళాలో అడిగాడు, నీ సలహా అడగలేదు.

మారింబా_మమ్మీ
ఐవీ_డాడ్ గారూ, పొద్దున 6:45 కి స్కూల్లో ఉండే పిల్లలండీ వీళ్ళు. ఒక్కసారి వచ్చి చూడండి, తర్వాత మాట్లాడండి.

ఆలెన్_పాతకాపు
కైలర్ ముర్రే, తర్వాత ప్రొఫెషనల్ లీగ్ NFL కి వెళ్ళిన క్వార్టర్‌బ్యాక్, ఆలెన్ హైస్కూల్‌కి ఆడిన రోజుల్లో మేం ఆ ఊళ్ళోనే ఉన్నాం. స్టార్టర్‌గా 42 గేమ్స్, ఒక్కటీ ఓడలేదు, వరసగా 2012, 13, 14 మూడు స్టేట్ టైటిల్స్. 6 కోట్ల డాలర్ల స్టేడియం, 18 వేల సీట్లు, 2012 లో తెరిచారు, రెండేళ్ళు తిరక్కుండా కాంక్రీట్ పగుళ్ళిచ్చి మూసేశారు. మా ప్రాపర్టీ టాక్స్ కాగితం చూసినప్పుడల్లా ఆ పగుళ్ళే గుర్తొచ్చేవి. అయినా ఆ బ్యాండ్, ఆ జనం, అలాంటిది మళ్ళీ చూడలేదు. అన్నట్టు మెట్ల గురించి, పెద్దవాళ్ళని కింది వరుసల్లో కూర్చోబెట్టండి, అల్యూమినియం బెంచీలు మంచుగడ్డలా ఉంటాయి, మందపాటి దుప్పటి ఒకటి కింద పరవండి. ఆట చెప్పాలంటే, నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు పోవాలి, అంతే, మిగతాది చూస్తూ ఉంటే వాళ్ళకే తెలుస్తుంది.

ఈస్ట్‌సైడ్_94
శర్మ గారూ, రాత్రంతా ఆలోచించాను. లోతుగా కొట్టడం తప్పే. కానీ మూడు ఆన్‌సైడ్‌లు పట్టిన పిల్లలకి ఆ నిమిషంలో ఊపిరి కూడా మిగిలి ఉండదు సార్, వాళ్ళనేమీ అనకండి.

స్నాపర్_నాన్న
శనివారం రాస్తున్నా. ఓడిపోయాం, 23-21. అందరూ చదవండి ముఖ్యంగా శర్మ గారు, అక్క. నాలుగో క్వార్టర్‌లో టచ్‌డౌన్ కొట్టి 20-20, తర్వాత ఒక్క పాయింట్ ఇచ్చే ఎక్స్‌ట్రా పాయింట్ కిక్‌కి మావాడు స్నాప్ వేశాడు, సూదిలా వెళ్ళింది, 21-20. ఇంకా 19 సెకన్లు. మావాళ్ళు స్క్విబ్ కొట్టారు. వాళ్ళు తమ 44 గజాల లైన్ దగ్గర పట్టుకున్నారు, రెండు పాస్‌లు, 38 గజాల ఫీల్డ్ గోల్, అయిపోయింది.
గేమ్ అయ్యాక పిల్లలు రెయిలింగ్ దగ్గరికి వచ్చారు. వాడి కుడిచేతి వేళ్ళ కణుపులు చలికి పగిలి రక్తం గడ్డకట్టి ఉంది, సీజనంతా అలాగే ఉందట, నేను ఇప్పుడే చూశాను. మా మామయ్యగారు ఆ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని "కాళ్ళ సందులోంచి వెనక్కి విసిరింది నువ్వే కదరా" అన్నారు. వాడు అప్పుడు ఏడ్చాడు.
ఇంటికొచ్చాక పరుపు తీసేద్దామా అని అడిగాను. ఉంచండి డాడీ, జూనియర్ వర్సిటీ స్నాపర్ సోమవారం నుంచి వస్తానన్నాడు అన్నాడు.

కిక్కర్_అక్క
వాడికి నా దీవెనలు. గోరువెచ్చటి నీళ్ళలో చెయ్యి పెట్టి, ఆరాక వాజలీన్ రాసి కాటన్ గ్లవ్ తొడిగి పడుకోమనండి, మా అబ్బాయికి వారంలో తగ్గింది. స్క్విబ్ సంగతి నేను ముందే చెప్పాను.

చైన్‌క్రూ_శర్మ
ఒక్క పాయింట్ లీడ్‌లో ఫీల్డ్ గోల్ ఇచ్చినా ఓటమే కాబట్టి లెక్క వేరు. అక్కడ లోతుగా కొట్టి 19 సెకన్లు డిఫెండ్ చెయ్యాలి, మీ మాటే సరి. 1994 ది మాత్రం స్క్విబ్బే.

మారింబా_మమ్మీ
బాబు బాధ తల్చుకుంటే గుండె పిండేసినట్టుంది. ఒక్కటి చెప్పండి, హాఫ్‌టైమ్‌లో కూర్చున్నారా?

స్నాపర్_నాన్న
నలుగురం కూర్చున్నామండీ. మా అత్తయ్యగారైతే లేచి నిలబడి చూశారు.