సమస్యాపూరణం: వెలుగు తగ్గించినంతనే పెరిగెఁ జూపు

నిర్వాహకుడు:
కవిమిత్రులకు నమస్కారం. జేబులో ఇమిడిపోయే చేతిదీపాన్ని, దాని కిరణపు తీరును, కాంతి స్థాయిలను వస్తువుగా తీసుకొని ఈ సమస్యను పూరించవలసిందిగా కోరుతున్నాను.

వెలుగు తగ్గించినంతనే పెరిగెఁ జూపు

ఇది తేటగీతి చివరి పాదం. "వె"కు "పె"తో యతి చెల్లింది. ప్రాసయతి (యతి అక్షరాలు కుదరనప్పుడు వాటి తరువాతి అక్షరాలను కుదర్చడం) వాడుకోవచ్చు. టార్చిలో మోడ్ మార్చగానే చూపు పెరగడానికి నమ్మదగిన కారణం పద్యంలోనే కనబడాలి. అది లేకపోతే గణాలు ఎంత చక్కగా కుదిరినా సమస్య తీరినట్లు కాదు.

మొదటి పూరణ:

నిదుర నడిరేయిఁ జెదరిన నేత్రయుగము
కటికచీకటి కలవడి కలతఁ జెందెఁ
దీవ్రకాంతికి, మఱి మందదీప్తిఁ జేర్చి
వెలుగు తగ్గించినంతనే పెరిగెఁ జూపు

ఒక సభ్యురాలి మాట: భావం బాగుంది కాని, రెండవ పాదంలో "కలవడి" అన్నది చదవగానే "కలవరపడి" అన్నట్లు తోచి ఒక క్షణం ఆగిపోయాను. "చీకటికి అలవడి" అని విడదీసుకున్న తరువాతనే అర్థమైంది.

నిర్వాహకుడు:
"కి" ఏమ్యాదులలో (చివరి ఇకారం సంధిలో లోపించగల పదాల జట్టులో) చేరినది కనుక సంధి సాధువే, అయినా తడబాటు నిజమే. వస్తువు విషయానికి వస్తే, ఈ పూరణకు బలం కంటి స్వభావంలోనే ఉంది. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడడానికి దాదాపు 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్క క్షణం పెద్ద వెలుగు సోకితే ఆ అలవాటంతా చెదిరిపోయి, దీపం ఆర్పిన తరువాత మునుపు లీలగా కనబడిన గోడలు, తలుపులు కూడా కనబడకుండా పోతాయి. ఒక ల్యూమెన్‌కు (ల్యూమెన్ మొత్తం కాంతికి కొలమానం) లోపు కాంతినిచ్చే మూన్‌లైట్ మోడ్ ఇందుకోసమే ఉంది. చాలా టార్చిలలో మీటను ఆరివున్న స్థితి నుంచి కాసేపు నొక్కిపట్టగానే నేరుగా ఆ మోడ్ వస్తుంది. కవి టార్చిని మాత్రం పెద్ద వెలుగుతోనే మొదలుపెట్టించారు కనుక చూపు కొంత దెబ్బతిన్న మాట వాస్తవం. వెంటనే తేరుకున్నదనడం కవికి ఇచ్చే చనువు అనుకుందాం. "మందదీప్తి" మంచి మాట. ఇకమీదట మూన్‌లైట్ మోడ్‌ను నేను అలాగే పిలుస్తాను.

రెండవ పూరణ:

మంచు ముసిరిన బాటలో మించుకాంతి
తెల్లగోడయై కన్నులఁ దిరిగి తాకె
మీట నొక్కి యా దివ్వెను మెల్లఁజేసి
వెలుగు తగ్గించినంతనే పెరిగెఁ జూపు

ఒక సభ్యుని మాట: మొదటి పాదంలో "మ"కు "మి"తో యతి చెల్లదు కదా?

నిర్వాహకుడు:
స్వరమైత్రి లేని మాట నిజమే కాని, "మంచు", "మించు" అన్నచోట ప్రాసయతి ఉంది కనుక దోషం లేదు. నా అభ్యంతరం మూడవ పాదం మీద. "మెల్లఁజేసి" అన్న తరువాత "వెలుగు తగ్గించి" అంటే చెప్పినదే మళ్ళీ చెప్పినట్లు అయింది. "మీట నొక్కితి నంతట మెల్లఁగాను" అని మారిస్తే నొక్కడం మెల్లగా జరుగుతుంది, తగ్గించడం సమస్యకే మిగులుతుంది. "తెల్లగోడ" మాత్రం అనుభవం నుంచి వచ్చిన మాట. మంచులోని నీటి తుంపరలు కాంతిని మనవైపే తిప్పి కొడతాయి. టార్చి కంటికి ఎంత దగ్గరగా ఉంటే ఆ గోడ అంత తెల్లగా కనబడుతుంది. అందుకే మోడ్ తగ్గించడంతో పాటు టార్చిని నడుము దగ్గరకు దించి పట్టుకోవడం కూడా ఉపకరిస్తుంది.

మూడవ పూరణ:

గంటకే యారిపోవు నా ఘటపు శక్తి
యాయువెంతయో, పచ్చని యక్షివోలె
మీటచెంతనె యున్న యా మినుకుచుక్క,
వెలుగు తగ్గించినంతనే పెరిగెఁ జూపు

కవి వివరణ: ఇక్కడ "చూపు" నామవాచకం కాదు, క్రియ. వెలుగు తగ్గించినంతనే బ్యాటరీ ఆయువు ఎంతో పెరిగినదని మీట పక్కనున్న సూచిక చూపుతున్నదని నా అన్వయం.

నిర్వాహకుడు:
విరుపు చమత్కారంగా ఉంది. అయితే "పెరిగె" తరువాత "అని" లోపించింది, పైగా విరామమున్న చోట సంధి జరగడం వల్ల కవి వివరణ లేకుండా ఈ అన్వయం స్ఫురించదు. ఆ పచ్చచుక్క మిగిలిన ఛార్జిని మాత్రమే తెలుపుతుంది, ఇంకా ఎన్ని గంటలు వెలుగుతుందో తెలుపదు. ఆయువు పెరగడం మాత్రం నిజం. తక్కువ కరెంటుతో వెలిగేటప్పుడు ఎల్‌ఈడీ వేడెక్కక మరింత పొదుపుగా పనిచేస్తుంది. కాంతిని నాలుగవ వంతుకు తగ్గించినా కంటికి సుమారు సగం తగ్గినట్లే తోస్తుంది. "గంట" అన్న లెక్కను కూడా కాస్త అనుమానంతో చూడాలి. టార్చిల పనితీరును కొలిచే ఆన్సీ ఎఫ్‌ఎల్ 1 ప్రమాణం ప్రకారం కాంతి మొదటి విలువలో 10 శాతానికి పడిపోయేవరకు ఉన్న కాలమంతా రన్‌టైమ్ (వెలిగే కాలం) కిందికే వస్తుంది; చిన్న టార్చిలో అన్నిటికన్నా పెద్ద వెలుగైన టర్బో మోడ్ వేడి వల్ల కొద్ది నిమిషాలకే తనంతట తాను దిగిపోతుంది కనుక, పెట్టె మీది గంటలో ఎక్కువ భాగం టర్బో వెలుగు కానే కాదు.

నాలుగవ పూరణ:

పరచు కాంతిని నొకచోటఁ బాదుకొలిపి
యద్దపుంగిన్నె దూరంబు నంటఁజేసె
నిండుజోరును విడనాడి నేడు నేను
వెలుగు తగ్గించినంతనే పెరిగెఁ జూపు

నిర్వాహకుడు:
రిఫ్లెక్టర్‌ను "అద్దపుంగిన్నె" అన్నందుకు కవికి అభినందనలు. నడక కూడా నాలుగింటిలో ఇదే సాఫీగా ఉంది. అయినా దీనిని అంగీకరించలేకపోతున్నాను. ల్యూమెన్ అంటే టార్చి నుంచి వెలువడే మొత్తం కాంతి, క్యాండెలా అంటే ఒక దిశలో దాని తీవ్రత. ఒకే టార్చిలో మోడ్ మార్చినప్పుడు కిరణం ఆకారం మారదు, హాట్‌స్పాట్‌కూ (నడిమి చిక్కని వెలుగుకూ) స్పిల్‌కూ (చుట్టూ పరచుకునే పలుచని వెలుగుకూ) ఉన్న నిష్పత్తి అలాగే ఉంటుంది, రెండూ ఒకే పాళ్లలో తగ్గుతాయి. ప్రమాణం లెక్కలో త్రో అంటే కాంతి 0.25 లక్స్‌కు (లక్స్ ఒక చోట పడే కాంతికి కొలమానం), అంటే సుమారు నిండు వెన్నెలంతకు, తగ్గే దూరం. క్యాండెలా విలువకు వర్గమూలం కట్టి రెండుతో హెచ్చిస్తే అది మీటర్లలో వస్తుంది. 10,000 క్యాండెలాలకు 200 మీటర్లు, అందులో నాలుగవ వంతైన 2,500కు 100 మీటర్లు. అంటే మీ పద్యంలో నిండుజోరు విడనాడినంతనే చూపు సగానికి తగ్గాలి, పెరగకూడదు. కాంతిని కూర్చినది గిన్నె, తగ్గించినది మీట. మొదటిదాని ఫలాన్ని రెండవదానికి కట్టబెట్టారు.

నాలుగవ పూరణ కవి:
అయ్యా, మీ మాట శిరోధార్యం. నా మనసులో ఉన్నది రెండు టార్చిలు, పద్యంలోకి వచ్చింది ఒకటే. వెడల్పుగా పరచే 1,000 ల్యూమెన్ల దీపంతో 100 మీటర్లు కూడా అందక, సన్నని కిరణమున్న 250 ల్యూమెన్ల దీపంతో అంతకు మించి చూడగలిగాను. సవరించాను:

పరచు కాంతిని నొకచోటఁ బాదుకొలిపి
యద్దపుంగిన్నె దూరంబు నంటఁజేయు;
విరివిదివ్వెను విడి దీని వెంటఁ గొనుచు
వెలుగు తగ్గించినంతనే పెరిగెఁ జూపు

నిర్వాహకుడు:
ఇప్పుడు అన్వయం కుదిరింది. "విరివిదివ్వె" వెడల్పు కిరణానికి సరిగ్గా అమరిన మాట. "దీని" అన్నది దేనిని సూచిస్తున్నదో తెలియడానికి మొదటి పాదంలోనే ఈ రెండవ టార్చి పేరెత్తితే బాగుండేది, కాని ఉన్నంతలో ఈ పూరణను స్వీకరిస్తున్నాను.