తప్పు అడ్రస్‌కి పోయిన మెయిల్‌ని వెనక్కి తీసుకోవచ్చా? అవుట్‌లుక్‌ వాడేవాళ్ళు చెప్పండి

ప్రశ్న:
రాయదుర్గం దగ్గర ఒక ఆఫీసులో అకౌంట్స్‌ చూస్తాను. నిన్న సాయంత్రం మెట్రో అందుకోవాలన్న తొందరలో రేట్ల షీటు పంపాను. మా మేనేజరు పేరూ ఒక వెండర్‌ పేరూ ఒకటే. మూడక్షరాలు కొట్టగానే పైన కనిపించిన పేరు మీద ఎంటర్‌ నొక్కేశాను, షీటు వెండర్‌కి పోయింది. పంపిన మెయిల్‌ని వెనక్కి లాగే రీకాల్‌ కొట్టినా ఏం కాలేదు. రాత్రి నిద్ర పట్టలేదు. ఏం చేయాలండీ?

జవాబు:
అమ్మా, ముందు మేనేజరుకి మీరే చెప్పండి. ఇంకొకరి నోట వింటే ఇదే విషయం పెద్దదవుతుంది. ఆ వెండర్‌కి కూడా పొరపాటున వచ్చిందని, తీసేయమని రెండు ముక్కలు రాయండి.

రీకాల్‌ పనిచేసేది అవతలివాళ్ళు కూడా మీ సంస్థ మెయిల్‌ సర్వర్‌ మీదే ఉన్నప్పుడు. బయటివాళ్ళ సర్వర్‌కి చేరిందంటే మన చేతిలో ఏమీ లేదు. అందుకని మెయిల్‌ బయటికి పోకముందే ఆపుకునే ఏర్పాటు కావాలి. నేను చాలా ఏళ్ళుగా వాడుతున్నది ఇదీ:

ఫైల్‌లో మేనేజ్‌ రూల్స్‌ అండ్‌ అలర్ట్స్‌ తెరవండి. న్యూ రూల్‌ నొక్కి, 'అప్లై రూల్‌ ఆన్‌ మెసేజెస్‌ ఐ సెండ్‌' ఎంచుకోండి. తర్వాతి పేజీలో ఏదీ టిక్‌ పెట్టకుండా నెక్స్ట్‌ కొట్టండి. అన్ని మెయిల్స్‌కీ వర్తిస్తుంది, సరేనా అని అడుగుతుంది, ఎస్‌ అనండి. అప్పుడు 'డిఫర్‌ డెలివరీ' అన్నదానికి టిక్‌ పెట్టి 2 నిమిషాలు ఇవ్వండి. 120 నిమిషాల దాకా ఇవ్వొచ్చు గానీ 2 చాలు. ఆ తర్వాతి పేజీలో మినహాయింపులు ఉంటాయి. 'హై ఇంపార్టెన్స్‌' పెట్టినవి మాత్రం వెంటనే పోయేలా చేసుకుంటే అర్జెంటు పనులు ఆగవు.

ఇక సెండ్‌ కొట్టాక మెయిల్‌ రెండు నిమిషాలు అవుట్‌బాక్స్‌లో కూర్చుంటుంది. తప్పు కనిపిస్తే అక్కడే తెరిచి దిద్ది, మళ్ళీ సెండ్‌ కొట్టాలి. ఒక్క జాగ్రత్త: సెండ్‌ కొట్టగానే ల్యాప్‌టాప్‌ మూసి లేచిపోతే మెయిల్‌ అక్కడే ఉండిపోతుంది. మెట్రో తొందర ఉన్నవాళ్ళకి ఇది ముఖ్యం.

ఇంకోటి, 'టు'లో పేరు కొట్టినప్పుడు ఆ వెండర్‌ పేరు పక్కన ఇంటూ గుర్తు కనిపిస్తుంది. అది నొక్కితే ఆ సూచన పోతుంది. ఈరోజే తీసేయండి. రేట్లూ జీతాలూ పంపేటప్పుడు షీటు జతచేసి, విషయం రాసి, అడ్రస్‌ ఆఖర్న పెట్టండి.

ఇంకొకరు:
కొత్త అవుట్‌లుక్‌లో ఆ రూల్‌ లేదండీ. సెట్టింగ్స్‌లో 'అన్‌డూ సెండ్‌' ఉంది, అదీ 10 సెకన్లే. రూల్‌ కావాలంటే పాత అవుట్‌లుక్‌కి మారాలి.

అడిగినవారు:
మేనేజరుకి చెప్పాను. కోప్పడ్డారు, కానీ ముందే చెప్పినందుకు మంచిదన్నారు. ఇంతకుముందు కూడా ఇలా పోయాయేమోనని సెంట్‌ ఐటమ్స్‌ వెతికితే ఆరు నెలల కిందటివి ఏవీ లేవు!

జవాబు:
కంగారుపడకండి. పాత మెయిల్స్‌ని దానంతటదే పక్కకి తీసిపెట్టే ఆటో ఆర్కైవ్‌ ఆన్‌ అయి ఉంటే అవి మీ ల్యాప్‌టాప్‌లోనే పీఎస్టీ ఫైల్‌లోకి చేరతాయి. డాక్యుమెంట్స్‌లో 'అవుట్‌లుక్‌ ఫైల్స్‌' ఫోల్డర్‌ చూడండి. ఓపెన్‌ అండ్‌ ఎక్స్‌పోర్ట్‌లోంచి దాన్ని తెరవొచ్చు. ఆ ఫైలు సర్వర్‌ మీద ఉండదు. నేను ఒకసారి అది కాపీ చేసుకోకుండా పాత ల్యాప్‌టాప్‌ ఐటీ వాళ్ళకి ఇచ్చేశాను. ఏడాది మెయిల్స్‌ పోయాయి, ఒక బిల్లు వివాదంలో రుజువు చూపించలేకపోయాను. మీరు ముందు ఆ ఫైలుని ఆఫీసు షేర్డ్‌ డ్రైవ్‌లోకి కాపీ చేసి, తర్వాత వెతకండి.

అడిగినవారు:
దొరికాయండీ, అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ వెండర్‌కి ఇదొక్కటే పోయింది. రూల్‌ కూడా పెట్టేశాను. పొద్దున్నే ఒక మెయిల్‌ని షీటు జతచేయకుండా పంపబోయి అవుట్‌బాక్స్‌లోనే పట్టుకున్నాను.