అప్‌డేట్: తెలుగు, ఒడియా పేర్లు ప్రశ్నార్థకాలుగా సేవ్ అయ్యే సమస్య తీరింది

పర్లాకిమిడిలో ఓ హోల్‌సేల్ షాపుకి డాట్‌నెట్ (మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ వేదిక), ఎస్‌క్యూఎల్ సర్వర్ 2014 (దాని డేటాబేస్)తో చేస్తున్న బిల్లింగ్ అప్లికేషన్ గురించి అడిగాను కదా. కౌంటర్‌లో కొట్టిన తెలుగు, ఒడియా పేర్లు బిల్లు మీద ‘శ్రీ’ కూడా మిగలకుండా ???? అని పడేవి. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

డేటాబేస్‌లో పేర్లు దాచే కాలమ్ టైపు చూడమన్న సలహాయే పనిచేసింది. మా సెట్టింగ్‌లో తెలుగు, ఒడియా అక్షరాలు పట్టని వార్‌చార్‌ టైపుని, అన్ని లిపులూ (యూనికోడ్) పట్టే ఎన్‌వార్‌చార్‌ చేశాం. దాంతో సగమే తీరింది. క్వెరీలో (డేటాబేస్‌కి పంపే ఆదేశంలో) నేరుగా రాసిన పేరుకైతే కొటేషన్ ముందు ‘ఎన్’ (N) అక్షరం తప్పనిసరి. పేర్లని క్వెరీలో కలిపి రాయకుండా, అన్నీ పారామీటర్లుగా (విడి విలువలుగా) పంపడమే మేలు, ఇంజెక్షన్ (ఎవరైనా పేరు బదులు ఆదేశాలు చొప్పించే) భయమూ ఉండదు. వార్‌చార్‌లోనే అన్ని లిపులూ దాచనిచ్చే యూటీఎఫ్-8 కొలేషన్ అనే సెట్టింగ్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019 వెర్షన్ నుంచే ఉంది, మాది 2014 కాబట్టి కుదరలేదు. ఫాంట్‌కి దీనితో సంబంధమే లేదు.

ఇప్పటికే ???? అయిపోయిన పేర్లు మాత్రం వెనక్కి రావు. షాపు ఖాతా పుస్తకం చూసి మళ్లీ ఎక్కిస్తున్నాం.