"వట్టి వక్కనే" అంటరు గదా, ఆ "వట్టి" గురించి

మాది సిరోంచ, గడ్చిరోలి జిల్లా. ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ, అందుకే మాటలు కలిసిపోతయ్, తప్పులుంటే చెప్పున్రి. మా దిక్కు ఖర్రా అని ఉంటది, పాన్‌ఠేలా కాడ వక్క తుకడలు, తమాకు (పొగాకు), సున్నం పన్నీల, అంటే ప్లాస్టిక్ కాయిదంల ఏసి బాగా రుద్ది ఇస్తరు, 2012ల మహారాష్ట్రల గుట్కా బంద్ పెట్టిన్రు గాని ఇది అప్పటికప్పుడు చేతితోటి రుద్దేది గదా, ఆగలే. దానికి తెలుగు మాట లేదు, ఖర్రా అనే అంటం. తమాకు వద్దనుకున్నోళ్ళు "నేను వట్టి వక్కనే తింట" అంటరు. మా కాక ఇరవై ఏండ్లు ఇదే మాట అన్నడు. ఇప్పుడు ఆయన నోట్లె రెండు వేళ్ళు పట్టయ్, కారం తగిలితే కండ్లల్ల నీళ్ళు, అన్నం మెత్తగ పిసికి పెడుతున్నం. సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అన్నడు డాక్టరు, చెంపల లోపలి పొర గట్టిపడి తాడు లెక్క అయితదట, వక్క మానేసినా మళ్ళ మునుపటి లెక్క కాదట, కొందరికి అదే క్యాన్సర్ అయితదట.

నా బాధంత ఆ మాటతోటే. తాంబూలంల ఇచ్చేది, పెండ్లిల పంచేది గాబట్టి వక్క అంటే ఎవ్వరికీ భయం లేదు, భయమంత తమాకు మీదనే. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లనే తమాకు కలువని వక్కను గూడ క్యాన్సర్ తెచ్చే మొదటి గ్రూపుల పెట్టింది. మరి "వట్టి" ఏంది ఇండ్ల?

ఇంకోటి, మరాఠీల "తలప్" అంటరు, అలవాటైన వస్తువు కోసం పానం కొట్టుకునుడు. తెలుగుల ఏమంటరు? మా అవ్వ "నోరు గుంజుతుంది" అనేది.

జవాబు: మాది ఆదిలాబాద్ అన్నా, మేము గూడ నోరు గుంజుడే అంటం. అడకత్తెరల "అడక" అంటే వక్కనే, కన్నడంల అడికె, మలయాళంల అడక్క. ఆ అడక్కనే పోర్చుగీసోళ్ళు పట్టుకపోతే ఇంగ్లీషుల అరెకా అయ్యింది, వక్కల ఉండే అరెకోలిన్ పేరు గూడ దాంట్ల నుంచే.

అట్లనా! అంటే అవ్వ అడకత్తెరల ఉన్న మాటనే కాకను పట్టుకున్న దాని పేరుల ఉన్నది. ఆ అరెకోలిన్ మెదడుల నికోటిన్ పట్టుకునే చోటనే పట్టుకుంటదని చదివిన, అందుకే తమాకు లేకున్నా నోరు గుంజుతది. కాక కొడుకు ఇంటర్ చదువుతుండు, మొన్న అడిగితే వాడు గూడ "వట్టి వక్కనే అన్నా" అన్నడు. రేపు వాన్ని కూసోబెట్టి ఇదంత చెప్త.