‘సౌలు, దావీదు’ రెంబ్రాంట్ వేసిందేనా? 2015 నిర్ణయంపై చర్చ

వర్ణిక: బైబిల్లోని సౌలు రాజు ముందు దావీదు వీణ వాయించే ఘట్టమిది. నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉన్న ఈ పటాన్ని కళాచరిత్రకారుడు బ్రేడియస్ 1898లో కొన్నాడు. 1969లో కళాచరిత్రకారుడు గెర్సన్ ఇది 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ పని కాదన్నాడు. 2007లో మొదలైన శుద్ధి, పరిశోధన పూర్తయ్యాక 2015లో మ్యూజియం మళ్లీ ఆయన పేరే పెట్టింది. నాకు ఒప్పుదల లేదు. స్టూడియోలో శిష్యులు వాడిందీ అవే రంగులు, అదే గుడ్డ. ల్యాబ్ పరీక్షతో రంగేమిటో తెలుస్తుంది, వేసిన చెయ్యి ఎవరిదో తెలియదు.

పాతపటం: వర్ణిక గారూ, గెర్సన్ చూసింది ఏ పటాన్ని? 19వ శతాబ్దంలో సౌలును, దావీదును కోసి రెండు బొమ్మలు చేశారు, తర్వాత మళ్లీ అతికించారు. ఇప్పుడున్నది 15 ముక్కల గుడ్డ. దావీదు తలపైన కుడి మూలలో పెట్టింది వాన్ డైక్ అనే మరో చిత్రకారుడు గీసిన ఒక పోర్ట్రెయిట్‌కి నకలు నుంచి కోసిన ముక్క! అతుకులు కనపడకుండా మందంగా రంగు పూశారు, దానిమీద వార్నిష్ పసుపెక్కింది. గెర్సన్ కంటికి ఆనింది చాలాచోట్ల ఆ పైపూతే.

పటంలో సౌలు పక్కనున్న తెర సంగతి మరీ ముఖ్యం. అందులో స్మాల్ట్ ఉంది, అంటే కోబాల్ట్ గాజు పొడి. నూనెలో ఉండగా గాజులోని పొటాషియం బయటికి పోతుంది, నీలం చచ్చి బూడిద-గోధుమ రంగు మిగులుతుంది. కోబాల్ట్ మాత్రం కదలదు. అందుకే ఏ మూలకం ఎక్కడుందో చూపే ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ స్కానింగ్‌లో పాత తెర ఎంతమేర ఉందో, పైపూత కింద కూడా బయటపడింది.

వర్ణిక: తెర విషయం ఒప్పుకుంటానండీ. కానీ సౌలు తలపాగా వేయడంలో ఉన్న నేర్పు దావీదులో ఏదీ? అది శిష్యుడి పని ఎందుకు కాకూడదు?

నూనెరంగు: పటం ఒక్క విడతలో పూర్తికాలేదు. మ్యూజియం లెక్కలో మొదటి దశ సుమారు 1651–54, రెండోది 1655–58. మధ్యలో రెంబ్రాంట్ కుంచె బాగా వదులైంది. అందుకని ఒకే పటంలో రెండు తీరులు కనపడినంత మాత్రాన రెండు చేతులని తేల్చలేం.

నాకు ఇంకా బలంగా తోచే ఆధారం కూర్పు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న, ఆయన సుమారు 1630లో వేసిన పటంలోనూ ఇదే ఘట్టం. అందులో సౌలు ఈటెను బిగించి పట్టుకున్నాడు. ఇక్కడ చెయ్యి సడలింది, తెర అంచుతో కన్ను తుడుచుకుంటున్నాడు. ఈ కథ ఉన్న బైబిల్ సమూయేలు మొదటి గ్రంథం 16, 18 అధ్యాయాలు రెండూ చూడండి, ఈ కన్నీరు ఎక్కడా లేదు.

వర్ణిక: ఊహ గురువుదే అంటాను. దావీదు చేతుల దగ్గర కుంచె ఆయనదని మాత్రం ఇంకా అనలేను.