అప్‌డేట్: గుంటూరు నుంచి గ్లాస్గో వరల్డ్‌కాన్‌కి ఒక్కడినే వెళ్ళొచ్చాను

2024 ఆగస్టులో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో జరిగే ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభలకు (అదే వరల్డ్‌కాన్) ఒంటరిగా వెళ్ళవచ్చా, అక్కడ ఎవరూ తెలియదే అని ఇక్కడ అడిగాను కదా. వెళ్ళాను. చెప్పడమే ఆలస్యమైంది.

మొదటిరోజు, 8వ తేదీ, టెన్షన్‌తో గోడవారగా నిలబడ్డాను. గట్టెక్కించినవి రిబ్బన్లు. మెడలో బ్యాడ్జి కింద ఒకదానికొకటి అతికించుకునే రంగుల పట్టీలు, ఒక్కోదాని మీద ఒక్కో జోకు. కొందరికి నడుం దాకా తోకలా వేలాడుతున్నాయి. "మీదొకటి ఇస్తారా" అంటే చాలు, మాట కలుస్తుంది. ముందే తెలిస్తే బ్రాడీపేటలో ఓ వంద ప్రింటు కొట్టించుకెళ్ళేవాణ్ణి!

సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డులు 11 రాత్రి, క్లైడ్ నది ఒడ్డున ఆర్మడిల్లో అనే హాల్లో. సభ్యత్వం ఉంటే మనమూ ఓటేయొచ్చు. ఒక్కరికే కాదు, 1, 2, 3 అని వరుస ఇవ్వాలి. నేను 1 వేసిన నవల ఓడిపోయింది, అది వేరే బాధ.

అప్పుడు కామెంట్లలో కందిపొడి పట్టుకెళ్ళమన్న అక్కకు దండం. పక్కగది ఆయన మూడో ముద్దకే కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టమన్నాడు. ఆవకాయ కూడా తీసుకెళ్ళమన్న అన్నా, నా తెల్ల చొక్కా సంగతి నీతో విడిగా మాట్లాడాలి.